పేరు పేరునా

క్లాక్స్‌విక్ ఆసుపత్రి మేడ మీద
గాలి భుజం ఆనించి కిటికీని తోస్తున్న రాత్రి.
నల్లటి తెర. ఒకే ఒక్క మిణుకు.
రన్వా టైపు చేసింది:
ఎక్కించు.

బొమ్మల్లేవు, బటన్లు లేవు,
"నిజంగానేనా?" అని ఆగి అడిగే మర్యాదా లేదు.
చుక్క ఎక్కువైతే ఇంకో ఫోల్డరు,
అక్షరం తక్కువైతే ఉలుకూ పలుకూ ఉండదు.
మొన్న ఒక చిన్న అడ్డగీత మరిచిపోయి
తెల్లవార్లూ తన్నుకుంది.

బయల్దేరినవాళ్లు ఆరువందల పన్నెండు మంది.
అసలు పేర్లు యాల్‌గ్రీమ్ బీరువాలో,
తాళంచెవి అతని జేబులో.
ఇక్కడున్నవి మారుపేర్లు:
నోరు తిరగని అక్షరాలు, వాటి మధ్య అంకెలు.
పుట్టినరోజుల్ని కాస్త అటూ ఇటూ జరిపారు,
ఊళ్లన్నీ కలిపి "ఉత్తరం" అన్నారు.
రక్తాన్ని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచారు.

పన్నెండు శాతం. నలభై.
తుఫానుకి ఫెర్రీ రేవులోనే కట్టేసి ఉంది,
వీళ్లు మాత్రం కాడ్ చేపల కిందుగా
డెన్మార్క్ వైపు పోతున్నారు,
టికెట్ లేదు, గొడుగు లేదు.
తొంభై తొమ్మిది దగ్గర ఏదో ఆలోచించుకుని
నూరు.
చెక్‌సమ్ కలిసింది. గింజ కూడా రాలలేదు.

మూడు వారాలకి:
దించు.
అవే వరుసలు. చివర కొత్త గడి ఒకటి,
రాబోయే జబ్బుకి ముందస్తు అంకె.
చూడనక్కరలేదు తను. లెక్క సరిపోతే చాలు.
కానీ కన్ను కదా, ఆగింది.

నాలుగువందల పదకొండు:
స్త్రీ. ఉత్తరం. డెబ్బై దాటాయి.
రెండు కాన్పులు, రెండూ కవలలే.
ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు.

ఇంకే బీరువా కావాలి!
చేపల ఫ్యాక్టరీ కత్తికి రెండు వేళ్లిచ్చి
మిగతా మూడింటితో
సగం ఊరికి స్వెటర్లల్లిన మనిషి.
రన్వా ఒంటి మీదదీ ఆ చేతి అల్లికే.
పేరు నాలుక చివరిదాకా వచ్చింది.
మింగేసింది.
చివరి గడిలో: సున్నా పాయింట్ తొమ్మిది ఒకటి.

మర్నాడు కొట్లో, ఈస్టు పొట్లాల దగ్గర
ఆవిడే ఎదురొచ్చింది.
మోచేయి చూసి, "ఇక్కడ పోగు లేచింది, తెచ్చివ్వు" అంది.
వెళ్తూ వెళ్తూ
"మీవాళ్లందర్నీ పేరు పేరునా అడిగానని చెప్పు."

రన్వా మేడెక్కి, కోటైనా విప్పకుండా
యాల్‌గ్రీమ్‌కి ఒక్క ముక్క రాసింది:
"వరుస నాలుగువందల పదకొండు.
ఎవరో చూసి, డాక్టర్‌తో త్వరగా కబురు పంపించండి."

ఎవరో, అని రాయడానికి
చాలాసేపు పట్టింది.