నడుం వేరు

పక్క గది కప్పు కారుతోందని
ఒడియా నాలుగో తరగతిని కూడా
నా గదిలోకి తోలేశారు ఆ వారం.
వాళ్ళ మాస్టారు ఓటర్ల లిస్టు పట్టుకుని
కొండ ఊళ్ళమ్మట తిరుగుతున్నాడు.
మా గదీ కారుతుంది,
కాకపోతే ఒక్క చోటే.
అక్కడ బొక్కెన పెట్టాం.
అటు పద్నాలుగు మంది, ఇటు పదకొండు,
మధ్యన టప్పు టప్పుమని బొక్కెన.

ఆ పూట పాఠం, కథ ఎలా కట్టాలని.
"కథలో పాత్రలు ఎవరెవరు?" అన్నాను.
ఢిల్లేశు తడుముకోకుండా లేచాడు:
"దాక, గరిటె, సత్తు పళ్ళేలు.
ఇయాల దాల్మా కదా మేడమ్."
నవ్వాపుకుని
బోర్డు మీద అదే రాశాను.
పాత్ర: ఒక దాక.

"చోటు?"
"కాశీనగరం, ఏటి గట్టు."
"ఎప్పుడు?"
"దాక కొట్టుకుపోయినప్పుడు!"
ఎవరన్నారో తెలీదు గానీ
ఆ మాటతో కథ నడిచింది.

నడిచింది కదా అని ఆ మాటనే పట్టుకున్నాను.
"నడు. ఇది వేరు.
దీన్లోంచి ఏమేం మొలిచాయో చెప్పండి."
నడక అంది మోహిని.
నడత. నడవడి. నడపడం.
మా తాత లాంచీ నడిపినాడు, అని ఒకడు.
వెనక బెంచీ నుంచి పోలిరాజు: "నడుం!"
"కాదురా. నడుం వేరు."
వాడు బుద్ధిగా రాసుకున్నాడు
నడుం – వేరు.
దాని మీదికి మూడు కొమ్మలు గీశాడు:
నడుంకట్టు, నడుంనొప్పి,
మా యమ్మ నడుం వాల్చింది.

ఎర్ర పెన్ను తీశాను, మళ్ళీ మూసేశాను.
ఏమని దిద్దను?
మా మావయ్యలు వేరు పడిన ఏడు
అటక మీది ఇత్తడి దాక ఎవరిదని
కార్తీకం దాకా మాటల్లేవు.
మట్టిలో పట్టుకుని ఉండేదానికీ
పొయ్యి పంచుకుని పోయేదానికీ
ఒక్కటే మాట ఎవరు పెట్టారో మనకి.

బొక్కెన పక్కనున్న మినతి చెయ్యెత్తింది.
ఆ పిల్ల తెలుగు
సంతలో ఉల్లిపాయలు బేరమాడేటంత.
"మాకు అది చేర."
"ఏదమ్మా?"
వేలు నేలలోకి చూపించింది.
"చెట్టు కింద ఉంటాది. కనబడదు. చేర."
రాశాను, వేరు పక్కనే.
ఢిల్లేశు పైకి చదివి
నా వైపు తిరిగాడు:
"ఎక్కడికి చేర, మేడమ్?"

జవాబు లేక కథలోకి పారిపోయాను.
"చిక్కు లేందే కథ కాదర్రా.
ఏటిలో దాకకి ఏమైంది?"
"చిక్కింది!"
"దేనికి?"
వేరుకి, అన్నారు ఇటువాళ్ళు.
చేరకి, అన్నారు అటువాళ్ళు.
గట్టు కోసుకుపోయి బయటపడ్డ
కానుగ చెట్టుది, అంది మోహిని.
ఆవిడకి అన్నీ తెలియాలి.

దాక దొరికింది. దాల్మా పోయింది.
చేపలు తినేశాయని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి.
"ఇంక ముగించండి" అన్నాను.
కథ కంచికి, అన్నాడు ఢిల్లేశు,
కంచి ఎక్కడో అడిగితే
రాయగడ దాటాక, అన్నాడు.
మినతి తల అడ్డంగా ఊపింది.
వాళ్ళ అవ్వ చెప్పే కథలు
ఏ ఊరికీ వెళ్ళవట.
కథ అయిపోగానే
పూల మొక్క చచ్చిపోతుందట.

గదిలో చప్పుడు లేదు.
బొక్కెన కూడా ఒక్క క్షణం ఊరుకున్నట్టుంది.
అప్పుడు పోలిరాజు
నోట్సులోంచి తలెత్తకుండానే అడిగాడు:
"నడుం దగ్గరా, వేరు దగ్గరా?"
మినతికి అర్థం కాలేదు.
వాడు లేచి, తన నడుం మీద చెయ్యేసుకుని
విరిగినట్టు వంగి చూపించాడు,
తరవాత వేలు నేలలోకి.
ఆ పిల్ల ఆలోచించింది.
అవ్వ ఆ సంగతి చెప్పలేదంది.
"నడుం దగ్గరైతే మళ్ళీ వస్తాది," అన్నాడు వాడు,
మా ఇంట్లో బెండ మొక్క వచ్చింది, అని సాక్ష్యం కూడా.

అంతలో అన్నం గంట.
పళ్ళేల మోత, వరండాలో తోపులాట.
బొక్కెన అంచుదాకా నిండిపోయింది.
వాళ్ళిద్దరే మిగిలారు దాన్ని ఎత్తడానికి,
సగం నీళ్ళు కాళ్ళ మీదే ఒలకబోసుకుంటూ
మిగతా సగం
గోడవార మందార మొదట్లో పోసి,
వంగి,
ఏదో చూస్తున్నారు.