ఇరవై నిమిషాల తేడా

తొక్తోసున్ ఆ ప్రోగ్రాం రాసుకున్నది తనకోసమే.
నీటి ఆఫీసులో ఒక కంప్యూటరు, ఒక కుర్చీ,
తలుపుకి తుప్పు పట్టిన తాళం. అదే పాస్‌వర్డు.
తెరవగానే తెర మీద ఒక పలకరింపు:
"వచ్చావా? టీ తాగి మొదలుపెట్టు."

బాత్కెన్ కొండల కింద మూడు ఊళ్ల ఆప్రికాట్ తోటలు.
ఎవరికి ఏ రాత్రి ఎంతసేపు కాలువ,
ముందు జేబు పుస్తకంలో, తర్వాత ఇందులో,
ఆయనే అడిగేవాడు, ఆయనే చెప్పేవాడు.

జనవరిలో మంచు మీద జారి తుంటి విరిగింది.
నీళ్లు ఏప్రిల్‌లో దిగుతాయి,
ఎవరి తుంటి కోసమూ ఆగవు.
"దీన్ని ఫోన్లలోకి దించు, మూడు ఊళ్లూ వాడుకోవాలి"
అన్నారు నన్ను,
ఓష్‌లో మూడో అంతస్తు గదిలో
చల్లారిన హీటరు పక్కన కూర్చుని పనిచేసేదాన్ని.

కోడ్ విప్పాను.
ఎక్కడ చూసినా "నా":
నా తూము, నా జాబితా, నా నిన్న.
ఒంటరిగా బతికినవాడి ఇల్లది,
చెప్పులు ఎక్కడ విడిచినా ఎవరి కాలికీ తగలవు.
"నా" తీసి "ఎవరి" అని పెడుతూ పోయాను.
వారం పట్టింది.
"ఎవరి" అంటే ప్రతిసారీ జవాబు కావాలి మరి.

మొదటి రోజే పై ఊరి సైరా, కింది ఊరి జుమాగుల్
ఒకే నిమిషంలో ఒకే పేజీ తెరిచారు.
ఇద్దరూ దిద్దారు. ఇద్దరూ భద్రం చేశారు.
జుమాగుల్‌ది మిగిలింది.
సైరా మంగళవారం రాత్రి ఏమైపోయిందో
ఏ ఫైలూ చెప్పలేదు.

తాళం పెట్టాను: ఒకరు రాస్తుంటే మిగతావాళ్లు చదవడమే.
మర్నాడు కుబానిచ్ ఆ తాళం చేతపట్టుకునే
గొర్రెల వెంట కొండెక్కాడు. సిగ్నల్ లేదు.
రెండు రోజులు మూడు ఊళ్లూ
తెర మీద అతని పేరు చూస్తూ కూర్చున్నాయి.

ఫోన్ చేస్తే తొక్తోసున్ నవ్వాడు, నొప్పికి సగంలో ఆపాడు.
"పార పట్టినవాడు గట్టు మీద నిద్రపోతే
నీళ్లు నిద్రపోతాయా?
మా నాన్న నూనె కొలిచి పోసిన లాంతరు పెట్టేవాడు.
అది ఆరితే వంతు పక్కవాడిది. లేపేది లేదు."
తాళానికి పదిహేను నిమిషాల నూనె పోశాను.

లెక్కలు సరిచూస్తుంటే అప్పుడు దొరికింది తేడా.
ప్రతి గురువారం ఇరవై నిమిషాలు
తూములోంచి బయల్దేరి ఏ తోటకీ చేరవు.
తప్పనుకుని రెండు రాత్రులు వెతికాను.
అన్నిటికంటే అడుగున ఒక్క వరుస:
తన వంతులోంచి ఇరవై తీసి
"వంతెన అవతల" అన్న పేరుకి ఇవ్వడం.
జాబితాలో అట్లాంటి తోట లేదు.

వంతెన అవతల ఉండేది అనార్కాన్.
నేలకి కాగితాల్లేవు.
నాలుగు సాళ్ల ఉల్లి, ఒక మల్బరీ.

కుర్చీ ఒక్కటే ఉన్నన్నాళ్లు అది దాపరికం కూడా కాదు,
అడగడానికి పక్కన ఎవరూ లేరు.
ఇప్పుడు మూడు ఊళ్ల ఫోన్లలో వెలుగుతుంది.
దాచే మీట నా వేలికిందే ఉంది.
ఆసుపత్రికి వెళ్లి అడిగాను.
"అవి నా నీళ్లే" అన్నాడు కిటికీకేసి చూస్తూ.
కాసేపాగి, "నేను పోయాక ఎవరి నీళ్లు?"

దాచలేదు.
ఎవరు ఏం మార్చినా పేరూ గంటా కనపడేట్టు
కింద ఒక చిట్టా చేర్చాను, అంతే.

నాలుగు గురువారాలు ఎవరూ ఏమీ అనలేదు.
అయిదో వారం తెల్లవారుజామున మూడూ పదికి:
వంతెన అవతల, ఇరవై కాదు, ఇరవై అయిదు.
మార్చింది జుమాగుల్. అయిదూ తన వంతులోంచే.
మూడూ ఇరవై ఆరుకి కుబానిచ్, ముప్పై.
తాళం వదిలేదాకా కాచుకున్నట్టున్నాడు.

పొద్దున్నే సైరా రాసింది:
"ఇక ఆపండి. ఉల్లి మునుగుతుంది."