ఎద్దుతోక సూపు

లనెల్లి ఊళ్లో, మంగళవారం పూట,
ఆరో వరుసలో ఆల్విన్ ఆగిపోయాడు.
ఎద్దుతోక సూపు ఉండే చోటికి
కొబ్బరిపాల డబ్బాలు
కాస్త జరిగి కూర్చున్నాయి,
బస్సులో ఎవరో దిగిపోగానే
పక్కవాళ్లు కాళ్లు చాపుకున్నట్టు.

"ఇక రాదండీ" అన్నాడు కుర్రాడు,
ధర చీటీ గోటితో గీకుతూ.

ముప్పై ఒక్క ఏళ్లు
రేకుకి తగరం పూత పూసిన చేతులు.
డబ్బా ఏదైనా ముందు అతుకు తడుముతాడు,
తర్వాతే పేరు చదువుతాడు.

ఇంట్లో సింకు కింద, బూటు పాలిష్ వెనక
సొట్టపోయింది ఒకటి దొరికింది.
ఆఖరిది.
వేడిచేసి, నిలబడే, ఒక చెంచా.
ఛీ. ఉప్పునీళ్లు.
గోధుమరంగు కలిపిన ఉప్పునీళ్లు.

ఆస్పత్రికి ఫోను చేశాడు.
మోకాలు మార్పించుకుని పడుకునుంది నెస్టా.
"డబ్బా చెడిపోయినట్టుంది."
అటునుంచి నవ్వు, మధ్యలో దగ్గు.
"చెడిపోయి పాతికేళ్లయింది.
కంపెనీ చేతులు మారిన ఏడే రుచి పోయింది.
నువ్వు రేకు నిమిరి మురిసిపోతుంటే
చెప్పబుద్ధి కాలేదు.
ఎముకలు నేనే ఉడకబెట్టేదాన్ని,
ఆదివారం నువ్వు చాపెల్లో పాడే వేళకి."

చాలాసేపు పొయ్యి వైపు చూశాడు.
"ఎముకలు ఎక్కడ కొంటావు?" అన్నాడు చివరికి.
"మార్కెట్లో, గ్విలిమ్ దగ్గర.
రాసుకో, మర్చిపోతావు."

పెన్సిలు దొరికింది. కాగితం దొరకలేదు.
డబ్బా మీది లేబులు
చిరగకుండా ఊడదీసి
వెనక్కి తిప్పాడు.