అరవై సెంటీమీటర్లు

రైలు ఆగిపోయి ముప్పై ఏళ్లు.
పట్టాలు పీకి అమ్ముకున్నాక మిగిలిన కట్ట మీద
పంతొమ్మిది కిలోమీటర్ల దారి.
సముద్రపు పాయ పక్కనే, స్ప్రూస్ చెట్ల నీడలో,
మూతబడ్డ చేపల ఫ్యాక్టరీ దాకా.

దానికి లియోనీ తిబోదో పేరు పెడుతున్నారు.
బోర్డు పాతే పని నాది.

ఇరవై రెండేళ్లుగా ఈ ఊరి మంచు ఎత్తేవాణ్ణి,
గుంతలు పూడ్చేవాణ్ణి.
ఆమెతో నాకు స్నేహమని చెప్పుకోలేను.
తిట్లు తిన్నాను, అంతే.
ఒకసారి జేబులోంచి గోలీ తీసి దారి మధ్యలో పెట్టింది.
అది తిన్నగా నిలవక పక్కకి దొర్లి
గడ్డిలో పడింది.
"చూశావా? నా కుడి భుజం
రోజూ ఈ గోలీతో కొట్లాడుతోంది" అంది.
మర్నాడు రోలర్ తెచ్చాను.
గోలీ ఇంకా దొరకలేదు.

తెల్లారకముందే వచ్చేది.
పొగమంచులోంచి ముందు చప్పుడు,
రబ్బరు తొడుగుల పిడికిళ్లు చక్రాన్ని చరిచే
టప్, టప్, టప్.
తర్వాత పొడుగు ముక్కు లాంటి ముందు చక్రం.
ఆ తర్వాతే మనిషి,
వంగి, గడ్డం మోకాళ్లకి ఆనించి,
మనల్ని చూడకుండా.

కాళ్లకేమైందని అడిగిన వాళ్లందరికీ
తలా ఒక జవాబు.
టూరిస్టులకి: షార్క్.
ఫాదర్ గారికి: ప్రార్థన ఎక్కువైంది.
మా చిన్నాడికి: అద్దెకిచ్చాను,
తీసుకున్నవాడు తిరిగివ్వలేదు.
వాడు చాలా రోజులు ఊళ్లో అందరి కాళ్లూ అనుమానంగా చూశాడు.

రెండు కంచు పతకాలు గెలిచింది.
ఒకటి తాళంచెవుల గుత్తికి వేలాడేది.

ఫిబ్రవరిలో పోయింది.
మామూలు దగ్గులా మొదలై, ఆసుపత్రిలో, తొమ్మిది రోజుల్లో.

కౌన్సిల్లో ఏడు చేతులు లేచాయి.
ఆమె చేతుల గురించి కాసేపు బాగానే మాట్లాడారు.
"లియోనీ కాలిబాట" అందామా అన్నారెవరో.
వెనక బెంచీలోంచి ఆమె అన్న ఆర్మాన్ లేచి,
"అది ఒక్కనాడూ కాలు మోపని దారి,
ఆ మాటొద్దు" అని కూర్చున్నాడు.
ఉత్త "దారి" అని తేల్చారు.

గేటు సంగతి ఎవరూ ఎత్తలేదు.

మోటారు బళ్లు చొరబడకుండా
దారి మొదట్లో ఇనప గేటు.
పక్కన నడిచేవాళ్ల కోసం సందు,
అరవై సెంటీమీటర్లు.
వెల్డింగ్ చేసింది నేనే.
ఆమె బండి వెడల్పు డెబ్బై ఒకటి.
పదకొండు సెంటీమీటర్ల కోసం
కలప లారీలు తిరిగే రోడ్డు మీద మూడు కిలోమీటర్లు చుట్టి
అటు చివర నుంచి ఎక్కేది.
పదకొండు ఉత్తరాలు రాసింది.
సెంటీమీటరుకొకటి అని తర్వాత లెక్క తెలిసింది నాకు.
అన్నిటికీ ఒకటే జవాబు:
పరిశీలనలో ఉంది.

రేపు శనివారం. మేయరు, రిబ్బను, బళ్లో పిల్లల పాట.
ఆర్మాన్ ఆమె బండి తెస్తాడట,
ఖాళీగా, ముందు నడిపించడానికి.

సాయంత్రం గుంత తవ్వాను.
బోర్డు ఎంత ఎత్తులో పెట్టాలో రూల్ బుక్కులో ఉంది.
బకెట్ బోర్లించి కూర్చుని
నా కళ్లు ఎక్కడికొస్తే అక్కడ బిగించాను.
రెండు భాషల్లో పేరు.
ఇంటిపేరులో పలకని అక్షరాలన్నీ
తప్పు లేకుండా పడ్డాయి.

సిమెంటు ఆరేలోగా వ్యాన్ దగ్గరకెళ్లి
గ్రైండర్ తెచ్చాను.
ఎవరూ చెప్పలేదు.
నిప్పురవ్వలు తడిగడ్డిలో పడి సుయ్యిమన్నాయి.
పాయలో ఒక పడవ లైటు ఆర్పి మళ్లీ వేసింది.
నా వెల్డింగ్ గట్టిదే, గంటన్నర పట్టింది.

కోసిన అంచుని ఆకురాయితో రుద్దాను,
పక్కనుంచి పోయే చేతికి గీసుకోకుండా.
ఇనుము ఇంకా వేడిగా ఉంది.
టేపు పెట్టి చూశాను: తొంభై రెండు.

మోటారు బళ్లు వస్తాయేమో, రానీ.
సోమవారం మెమో వస్తుంది,
గేటు ఎవరు కోశారని.
జవాబు నాకు కంఠతా వచ్చు.
పరిశీలనలో ఉంది.