పసుపు చీటీ

రాత్రి ఏడున్నరకి
బ్రాడ్‌ఫర్డ్‌ సూపర్‌మార్కెట్‌ కుర్రాడు
పసుపు చీటీల మిషను పట్టుకుని బయటికొస్తాడు.
వాడి వెనకే నేను,
ఏ తొందరా లేనట్టు.

రొట్టె ఇరవై పెన్నీలు. పాలకూర పది.
శుక్రవారం గడపకి రాసే పసుపు
ఇక్కడ రోజూ రొట్టెల నుదుటనే.

మీటరు కీలో నాలుగు పౌండ్లు మిగిలాయి.
జీతం ఎల్లుండి.
వల్లరి కోటు విప్పకుండానే
హోంవర్కు చేసుకుంటోంది.
"చలేస్తోందా?" అన్నాను.
"లేదమ్మా, ఇప్పుడిదే ఫ్యాషన్."

పద్దు పుస్తకంలో పాల దగ్గర్నించి
బస్సు టికెట్టు దాకా రాస్తాను.
ఈ అబద్ధాన్ని ఏ గడిలో రాయను?

లేచి హీటరు వేశాను.
అరగంటే అనుకున్నాను.
మీటరు వైపు చూడకుండా ఉండాలని
సింకు దగ్గర నిలబడి
పాలకూర
ఒక్కో ఆకే కడిగాను.