తలగడ

మాఘం పోకముందే మబ్బు పట్టింది నుదురుపాడు మీద.
కళ్లంలో ఎకరన్నర కాయ,
సోమవారం గుంటూరు యార్డుకి పోవాల్సింది,
ఇంకా తడి ఆరలేదు.
అద్దె పట్టా సరిపోక
చీరలూ, చర్చి పందిరి గుడ్డా తెచ్చి కప్పాం.

గాలి లేచింది.
పట్టా తెరచాపలా ఉబ్బి
జకరయ్యను జానెడెత్తు లేపింది.
మూలకొకరం కూర్చున్నాం, మా బరువే మేకులుగా.

రాహేలమ్మత్త లేచి నిలబడి
పడమటికి వేలు చూపించి
"నిశ్శబ్దమై ఊరకుండుము" అంది,
చదువు రాని నోటికి వచ్చిన ఒకే ఒక్క గ్రాంథికం.
గాలి వినలేదు.
ఆ వేలే పైకి తిప్పింది:
"అలలు నీ మాట విన్నాయంటగా,
కౌలు కట్టాల్సింది అలలు కాదయ్యా!"

గట్టవతల మస్తాన్ జొన్నచేను
నెల్లాళ్లుగా ఈ వానకే నోరు తెరుచుకునుంది.
ఆ సంగతి ఆమెకూ తెలుసు.
ఇంకేమీ అడగలేదు.

ఘాటుకు తుమ్ముతూ, తడుస్తూ,
ఎప్పుడో తిరిగి చూస్తే
ఖాళీ గోతాం మడిచి తలకింద పెట్టుకుని
పట్టా మూల మీదే నిద్రపోతోంది.
చెంప మీద చినుకులు పడుతున్నా కదల్లేదు.

"లేపుదామా?" అన్నాడు జకరయ్య.
ఉరిమింది.
దోనెలో ఆయన్ని లేపారంట గానీ
ఆమెను మేమెవరం లేపలేదు.