నాలుగో చుక్క

హరార్ పాతకోట గుమ్మం దగ్గరి ఎత్తు మీద
జకరియా టాక్సీ నిలబడిపోయింది.
ఇంజను గొంతు చించుకుంటోంది,
చక్రాలకి ఒక్క మాటా చేరడం లేదు.
"ఎవరైనా మేకతల కాలుస్తున్నారా?"
వెనక సీట్లో ఉల్లిపాయల బస్తా పక్కన ఒదిగిన ఆవిడ
కిటికీలోంచి ముక్కు బయటపెట్టి అడిగింది.
కాదమ్మా. క్లచ్చి.

అరవై ఎనిమిదో ఏటి ప్యూజో.
నీలం కింద ఇంకో నీలం, దాని కింద ఏ రంగో
జకరియాకీ తెలీదు.
ఈ బండికి గేరుబాక్సు దించాలంటే
వెనక ఇరుసు మొత్తం వెనక్కి జరగాలి,
ఒకణ్ణి పిలవడానికి
పెళ్ళివారందర్నీ లేపినట్టు.
పొద్దున్నుంచి లేపుతూనే ఉన్నాను,
అట్టముక్క మీద వెల్లకిలా పడుకుని,
చెవిలో గ్రీజు చుక్కలు పడుతుంటే.

ప్లేటు చేతికొచ్చింది.
రివెట్లు తేలి, అంచులు మాడిన రొట్టెలా రాలుతున్నాయి.
"సగం క్లచ్చి మీద బండిని ఎత్తులో నిలబెట్టి
బేరాలాడతావు గదా నువ్వు" అన్నాను.
"హ్యాండుబ్రేకు పనిచేస్తేగా!" అన్నాడు
తగువు గెలిచినవాడిలా.

దాని వెనక ఫ్లైవీలు.
విప్పే ముందు సుద్దతో ఒక గీత గీసుకున్నాను,
ఎలా ఉన్నదాన్ని అలాగే తిరిగి పెట్టాలని.
ముఖమంతా కమిలిన నీలి మచ్చలు,
పాత పింగాణీ కప్పులో ఉండే లాంటి
వెంట్రుకవాసి పగుళ్ళు.

గోనెలో చుట్టి, దొంగసొత్తులా చంకన పెట్టుకుని
దర్జీల సందులోంచి నడిచాను.
రెండువైపులా కుట్టుమిషన్లు.
ఒక్కోదానికి కుడిపక్క ఒక చిన్న చక్రం,
తొక్కిన తొక్కుడంతా కాసేపు దాచుకుని
సూదికి అప్పిస్తోంది.
నా చంకలోది
వాటన్నిటికీ పెద్దమ్మ.

అసెగిద్ లేతు మిషను ఇటలీది,
నూనె తాగి తాగి నల్లబడ్డది.
చక్రం బిగించి, డయలు ముల్లు ఆనించి చేత్తో తిప్పాడు.
ముల్లు వణికింది.
ఉలి ఆనించాడు.
మచ్చ వచ్చిన చోటల్లా ఉలి ఎగిరి కీచుమంది.
కాలి గట్టిపడ్డ ఇనుము ఎవరి మాటా వినదు.
"దీనికి సానే గతి."

సాన పట్టే ముందు వెనక్కి తిప్పి చూపించాడు.
అంచు దగ్గర పంచితో కొట్టిన మూడు చుక్కలు.
"కోసినప్పుడల్లా ఒకటి.
మొదటిది ఎవరిదో.
రెండోది మా గురువు అషాగ్రేది, ఎడమచేతివాడు,
చూడు ఎటు వాలిందో.
మూడోది నాది. పెళ్ళికి ముందు."

మందం కొలిచాడు.
గోడ మీద సుద్దతో ఒక అంకె వేసి చెరిపేశాడు.
"ఇదే ఆఖరు.
మళ్ళీ తెస్తే మిగిలేది మూకుడే."

నిప్పురవ్వలు అతని చొక్కా మీద పడి
దారి తెలీనట్టు ఆరిపోయాయి.
ముఖం మీద ఎంత తీశాడో
అంచు మెట్టు మీదా సరిగ్గా అంతే తీశాడు,
లేకపోతే పట్టు కుదరదని.
చివరికి బూడిదరంగు నునుపు,
వాన వెలిసిన మబ్బులాంటిది.
వేలు పెట్టబోతే చేతి మీద ఒక్కటిచ్చాడు:
"గ్రీజు!"

నాలుగో చుక్కకి పంచి ఆనించి, సుత్తి ఎత్తి,
ఆగి,
"నువ్వు కొట్టు" అన్నాడు.

మూడూ ఒక వరసలో ఉన్నాయి.
నాది పక్కకి జారింది.
"పర్లేదులే, ఎవరిదో తెలుస్తుంది."

ఆ రాత్రి ఆలివ్ కొమ్మ చెక్కి చేసిన మేకుతో
కొత్త ప్లేటు నడిమి కుదిర్చి,
ఒక బోల్టు తర్వాత దాని ఎదుటి బోల్టు,
కొంచెం కొంచెంగా,
ఎవరికీ కోపం రాకుండా బిగించాను.
చుక్కలు లోపలికి తిరిగాయి.
మళ్ళీ బండి విప్పేవాడికి గాని కనపడవు.

పొద్దున్నే అదే ఎత్తు.
జకరియా కాలు మెల్లగా లేపాడు.
ఒణుకు లేదు, జారుడు లేదు,
నిద్రలో పక్కకి ఒత్తిగిల్లినట్టు బండి కదిలింది.
నేను ఊపిరి వదిలానో లేదో
సగం ఎత్తులో ఒక చెయ్యి లేచింది.
మొన్నటి ఉల్లిపాయలావిడే.

ఆపాడు.
అతని ఎడమకాలు నేను చూశాను.
నేను చూడటం అతను చూశాడు.
తలుపు తీసి,
రోడ్డు పక్క రాయి చూపించి,
"దిగు" అన్నాడు నాతో.

దిగి చక్రం కింద రాయి పెట్టాను.
ఆవిడ ముప్ఫై అంది. అతను యాభై అన్నాడు.
ఇద్దరికీ తొందరేం లేదు.